రాజు ఇంటి జీతము, తల్లి ఒడి

వాక్యభాగములు: నిర్గమకాండము 2:1-10, రెండవ సమూయేలు 9:1-13





మోషే కథ ఎరుగనివారు మనలో లేరు. ఆదివారపు బడిలో జమ్ముపెట్టె బొమ్మకు రంగులు వేయని బిడ్డలు లేరు. అయితే ఆ కథలో ఒక చిన్న మాట మన చెవిని దాటిపోవుచుండును. ఫరో కుమార్తె ఆ పసివానిని యోకెబెదు చేతికిచ్చి, పాలిచ్చి పెంచుమని చెప్పినప్పుడు, అందుకు జీతము ఇచ్చెదనని కూడ మాట ఇచ్చెను (నిర్గమ. 2:9). మగబిడ్డలను నదిలో పారవేయుమని ఆజ్ఞ వెలువడినది ఏ ఇంటినుండియో, ఆ బిడ్డను పెంచుటకు జీతము వచ్చినదియు ఆ ఇంటినుండియే. యోకెబెదు ఆ జీతమును త్రోసివేసినట్టు వాక్యములో లేదు. ఆమె బిడ్డను తీసికొని పెంచెను. అంతే.

ఈ మాటను ఇప్పుడు ఎందుకు ఎత్తుచున్నామనగా, మన సంఘములలో కొన్ని కుటుంబములు మమ్మును రెండు ప్రశ్నలు అడుగుచున్నవి. ప్రత్యేక అవసరములు గల బిడ్డను, అనగా కాలో చెయ్యో చూపో వినికిడో బుద్ధియో కొరతపడిన బిడ్డను దత్తు తీసుకొంటే ప్రభుత్వము ఏమైన సహాయము చేయునా? ఇది మొదటిది. చేసినయెడల విశ్వాసి దానిని పుచ్చుకొనవచ్చునా? ఇది రెండవది. ఈ రెంటికిని వాక్యపు వెలుగులో, చట్టము చెప్పునది చెప్పినట్టుగా, జవాబు చెప్పగోరుచున్నాము.

1. దత్తత మనకు సువార్త మాట

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయము 15వ వచనములోను, ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 1వ అధ్యాయము 5వ వచనములోను మన రక్షణను దత్తతగా వివరించెను. మనము పుట్టుకచేత దేవుని ఇంటివారము కాము. ఆయన మనలను ఏర్పరచుకొని, కుమారులుగా కుమార్తెలుగా చేసుకొని, వారసత్వమును ఇచ్చెను. ఆయన మనలను ఎంచుకొన్నప్పుడు మనలో లోపము లేని వారెవరు?

ఇంత గొప్ప మాట మన నోట ఉన్నను, ఈ దేశములో క్రైస్తవులు బిడ్డను దత్తు తీసుకొనుటకు చాలకాలము చట్టము లేకపోయెను. 1956లో వచ్చిన దత్తత చట్టము హిందువులకును, ఆ చట్టము క్రిందికి వచ్చు బౌద్ధ, జైన, సిక్కులకును మాత్రమే వర్తించెను. మనవారు 1890 నాటి సంరక్షకుల చట్టము క్రింద కోర్టుకు వెళ్లి సంరక్షకులు మాత్రమే కాగలిగిరి. యుక్తవయస్సు రాగానే ఆ సంబంధము కాగితము మీద ముగిసిపోయెడిది. ఆ బిడ్డకు ఆస్తిలో హక్కుగా భాగము లేదు. పెంచిన తండ్రి విల్లు వ్రాయక చనిపోతే, ఇరువది ఏండ్లు నాన్నా అని పిలిచిన బిడ్డ వీధిలో నిలుచుండవలసినదే.

2000లో వచ్చిన బాలల న్యాయ చట్టమును 2006లో సవరించినప్పుడు దత్తతకు స్పష్టమైన అర్థము ఏర్పడెను. 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఏ మతమువారైనను కోరినయెడల ఈ చట్టము క్రింద దత్తు తీసుకొనవచ్చునని తీర్పు చెప్పెను. ఇప్పుడున్నది 2015 నాటి చట్టము. దాని ప్రకారము దత్తత అయిన బిడ్డ అన్ని విషయములలోను, వారసత్వములో కూడ, కన్నబిడ్డతో సమానము. 2022 సెప్టెంబరు నుండి దత్తత ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా మేజిస్ట్రేటు, అనగా మన కలెక్టరు, ఇచ్చుచున్నారు. మన పితరులకు లేని తలుపు మనకు తెరువబడినది. ఆ తలుపు గుండ ఎందరము పోవుచున్నాము?

2. ఎవరి పాపము?

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న ఇంకను మన వీధులలో వినబడుచున్నది. ఇతడు పాపము చేసెనా, ఇతని కన్నవారు చేసిరా అని. పై పెదవి చీలి పుట్టిన బిడ్డను మన భాషలో ఏమందురు? గ్రహణపు మొర్రి అందురు. ఆ పేరులోనే తల్లిమీద నింద దాగియున్నది, గ్రహణము వేళ ఆమె ఏదో చేసినదని. పెదవి చీలుటకు గ్రహణము కారణము కాదు. గర్భములో మొదటి నెలలలో ముఖపు భాగములు సరిగా అతుకుకొనకపోవుటచేత అది కలుగును. శస్త్రచికిత్సతో సరియగును. మన ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసి, ఆ మనుష్యునియందు దేవుని క్రియలు కనబడవలెనని చెప్పెను.

ప్రత్యేక అవసరములు గల బిడ్డలందరును ఒకే విధమైన వారు కారు. పెదవి చీలినవారు, పాదము వంకరగా ఉన్నవారు, గుండెలో రంధ్రము గలవారు వీరిలో ఉన్నారు. వీరిలో అనేకులు చికిత్సతో బాగుపడుదురు. వినికిడి లేనివారు, చూపు లేనివారు, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము గలవారును ఉన్నారు. వీరికి జీవితకాలమంతయు తోడు కావలెను. ఈ భేదమును తెలియక ముందుకు వచ్చుటయు తప్పు, తెలియక భయపడి వెనుకకు పోవుటయు తప్పు.

ఆరోగ్యవంతమైన పసిబిడ్డ కొరకు దంపతులు ఏండ్ల తరబడి వరుసలో నిలిచియున్నారు. అదే సమయములో ఈ బిడ్డలు శిశుగృహములలో ఎవరైన రాకపోదురా అని కనిపెట్టుచున్నారు. వీరిలో అనేకులను సముద్రములు దాటి వచ్చినవారు ఎత్తుకొని పోవుచున్నారు. వారిని దేవుడు దీవించునుగాక. అయితే మన దేశపు బిడ్డకు మన దేశములో ఒడి ఎందుకు దొరకలేదని మనము ఆలోచింపవలెను.

3. ప్రభుత్వము ఇచ్చునది ఏమిటి?

మొదట ఒక భ్రమను తీసివేయవలెను. అమెరికాలో 1980లో వచ్చిన చట్టము వలన, ప్రత్యేక అవసరములు గల బిడ్డలను దత్తు తీసుకొన్న అనేక కుటుంబములకు నెలనెల భృతి దొరుకుచున్నది. అక్కడ స్థిరపడిన మన బంధువులు ఈ సంగతి చెప్పగా విని, ఇక్కడను అట్లే ఉండునని కొందరు తలంచుచున్నారు. మన కేంద్ర చట్టములో, దత్తు తీసుకొన్నందుకే నెలనెల ఇచ్చు భృతి లేదు. మిషన్ వాత్సల్య పథకములో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఉన్న మాట నిజమే. కాని అది కష్టములోనున్న కుటుంబములలోని బిడ్డలకును, తాత్కాలికముగా పెంపకమునకు తీసుకొన్నవారికిని ఉద్దేశింపబడినది, దత్తత తల్లిదండ్రులకు కాదు.

అయితే బిడ్డ వైకల్యమునుబట్టి వచ్చు సహాయములు అనేకములు ఉన్నవి. కన్నబిడ్డకు ఎట్లో దత్తబిడ్డకును అట్లే. ముఖ్యమైనవి వ్రాయుచున్నాము.

వైకల్య ధ్రువపత్రము, యు.డి.ఐ.డి. కార్డు: ఇదే అన్నిటికిని తాళపుచెవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. ఈ కార్డు దేశమంతటను చెల్లును. ఉద్యోగ బదిలీమీద కర్ణాటకనుండి మహారాష్ట్రకు పోయిన కుటుంబము మరల మొదటినుండి ప్రారంభింపనక్కరలేదు.

చికిత్స: 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో 18 ఏండ్ల వరకు బిడ్డలను పరీక్షించి, పెదవి చీలిక, వంకర పాదము, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు మొదలగువాటికి ఉచితముగా చికిత్స చేయించుదురు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యము గలవారికి నేషనల్ ట్రస్టువారి నిరామయ బీమా ఉన్నది. స్వల్ప రుసుముతో ఏడాదికి 1,00,000 రూపాయల వరకు వైద్య ఖర్చులు, థెరపీ ఖర్చులతో కూడ, దానిలో వచ్చును.

ఉపకరణములు: చక్రాల కుర్చీ, కాలిపట్టాలు, వినికిడి యంత్రము వంటివి ఆదాయపు హద్దులకు లోబడి ఎడిప్ పథకములో దొరకును.

చదువు: 40 శాతము లేక అంతకంటె ఎక్కువ వైకల్యము గల బిడ్డకు 6 ఏండ్లనుండి 18 ఏండ్ల వరకు, దగ్గరలోని బడిలోనైనను ప్రత్యేక పాఠశాలలోనైనను, ఉచితముగా చదువుకొను హక్కు చట్టమే ఇచ్చినది.

నెలసరి సహాయము: ఇది రాష్ట్రమునుబట్టి మారును. ఒడిశాలో మధుబాబు పెన్షన్ యోజన, మహారాష్ట్రలో సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్ యోజన, తమిళనాడులో తీవ్ర వైకల్యము గలవారికి నెలసరి పోషణ భృతి ఉన్నవి. కర్ణాటకలోను, యానాము చేరియున్న పుదుచ్చేరిలోను అట్టి పింఛనులు కలవు. మొత్తములును షరతులును అప్పుడప్పుడు మారుచుండును గనుక, మీ తాలూకా లేక జిల్లా కార్యాలయములో నేరుగా అడిగి తెలుసుకొనవలెను.

ఆదాయపు పన్ను: పాత పద్ధతిని ఎంచుకొన్నవారికి, తమపై ఆధారపడిన వికలాంగుని నిమిత్తము 75,000 రూపాయలు, వైకల్యము 80 శాతము లేక అంతకు పైబడితే 1,25,000 రూపాయలు ఆదాయమునుండి మినహాయింపు ఉన్నది. కొత్త పద్ధతిలో ఇది లేదు.

మన తరువాత: తల్లిదండ్రులను రాత్రివేళ నిద్రపోనీయని ప్రశ్న ఇదే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల విషయములో, సంపాదించుకొనలేని వికలాంగుడైన బిడ్డకు జీవితకాలము కుటుంబ పింఛను వచ్చు నియమమున్నది. రైల్వేలో పనిచేయు మనవారు దీనిని గుర్తుంచుకొనవలెను. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ప్రకారము, 18 ఏండ్లు నిండిన తరువాతను తోడు కావలసిన ఆ నాలుగు విధముల వైకల్యము గలవారికి, జిల్లా స్థాయి కమిటీ చట్టబద్ధమైన సంరక్షకుని నియమించును.

అయితే దత్తత చట్టరీత్యా జరుగవలెను. ఆసుపత్రిలో ఎవరో ఒకరి చేతినుండి బిడ్డను తెచ్చుకొని, తామే కన్నట్టు వ్రాయించుకొనుట మన ఊళ్లలో ఇంకను వినబడుచున్నది. అది నేరము. చట్టము చెప్పిన మార్గమును తప్పించి దత్తత చేసినవారికి మూడేండ్ల వరకు ఖైదు గాని లక్ష రూపాయల జరిమానా గాని రెండును గాని ఉన్నవి. బిడ్డను అమ్మినను కొన్నను శిక్ష ఇంకను ఎక్కువ. సరియైన మార్గము ఒక్కటే: కేంద్ర దత్తత సంస్థయైన కారాలో పేరు నమోదు, ఇంటి పరిశీలన, బిడ్డ వైద్య నివేదిక చూచి సమ్మతించుట, కలెక్టరు ఉత్తర్వు. ఆ తరువాత రెండేండ్లపాటు ఆరు నెలలకొకసారి బిడ్డ క్షేమమును విచారించుదురు. ఇదివరకే ఇద్దరు లేక అంతకంటె ఎక్కువమంది బిడ్డలున్న దంపతులకు, బంధువుల బిడ్డల విషయము తప్ప, సామాన్యముగా ప్రత్యేక అవసరములు గల బిడ్డలను, ఇల్లు దొరుకుట కష్టమైన బిడ్డలను మాత్రమే ఇత్తురు. మాకు బిడ్డలున్నారు గదా, మాకెందుకు ఇత్తురు అని తలంచువారు ఈ మాటను మరల చదువవలెను.

4. పుచ్చుకొనుట తప్పా?

మన సంఘములలోని ఒక కుటుంబము సంగతి, పేరు చెప్పక చెప్పుచున్నాము. ఇద్దరు మగబిడ్డలున్న తరువాత, రెండు కాళ్లును బిగుసుకొనిపోయిన నాలుగేండ్ల పాపను దత్తు తీసుకొనిరి. పింఛను కొరకు ఒక కార్యాలయమునకు పోగా, "సొంత బిడ్డ కాదు గదా" అని త్రిప్పి పంపిరి. దరఖాస్తు వారికి రాని భాషలో ఉన్నది. సంఘములోని ఒక యౌవనుడు దత్తత ఉత్తర్వు నకలు పట్టుకొని మూడుసార్లు వారితో తిరిగెను. పింఛను వచ్చెను. అది వచ్చిన నెలలోనే మన గుడి గుమ్మములోనే ఒక మాట పుట్టెను, డబ్బు కోసమే పాపను తెచ్చుకొన్నారని. ఆ తల్లి అన్నది: "అయ్యగారూ, ఆ డబ్బు ఆసుపత్రికి పోయే ఆటోకి సరిపోతుంది. రాత్రి పాప కాళ్లు లాగి ఏడిస్తే లేచి కూర్చున్నందుకు ఎవరిస్తారు పింఛను?"

ప్రియులారా, ఆ నోళ్లకు జవాబు యోకెబెదు జీతములోనే ఉన్నది. జీతము ఆమెను తల్లిని చేయలేదు. తల్లియైన ఆమెకు జీతము తోడ్పడెను. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో పొలములో మరచిన పన, ఒలీవ చెట్టున మిగిలిన కాయలు తండ్రిలేనివారికిని విధవరాండ్రకును చెందవలెనని దేవుడే చట్టము చేసెను. రూతు ఆ చట్టము చొప్పుననే బోయజు పొలములో పరిగె ఏరుకొనెను. ఆమెను ఎవరును ఆశపోతు అనలేదు.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలోను ఇట్టి సాక్ష్యమున్నది. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వు పనిని ప్రభుత్వమునుండి కాంట్రాక్టు పుచ్చుకొని, ఆకలితోనున్న వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. ప్రభుత్వపు డబ్బు అని దానిని అపవిత్రముగా ఎంచలేదు. అయితే కరువున్నంతకాలము బాప్తిస్మములు ఆపివేసెను. అన్నము కొరకు విశ్వాసము అన్న నింద రాకూడదని అట్లు చేసెను. కరువు తీరిన తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సహాయమును సహాయముగా పుచ్చుకొనుమనియు, ఉద్దేశమును దానితో కలుషితము కానీయకుమనియు ఆ పెద్దలు మనకు నేర్పిరి.

కాబట్టి దత్తతకు పూనుకొనువారు తమ్మును తాము ఒక్క ప్రశ్న అడుగుకొనవలెను. రేపు ఈ పింఛను ఆగిపోయినను ఈ బిడ్డ నా బిడ్డయేనా? అవునని చెప్పగలిగినవారు సంకోచము లేక ఆ సహాయమును పుచ్చుకొనవచ్చును. చెప్పలేనివారు ఇంకను ప్రార్థింపవలెను.

5. భూమియు బల్లయు

దావీదు మెఫీబోషెతుకు రెండు చేసెను. సౌలు భూమి అంతయు అతనికి తిరిగి ఇప్పించెను. రాజు బల్లయొద్ద అతడు నిత్యము భోజనము చేయునట్లు నియమించెను. భూమి మాత్రము ఇచ్చి లోదెబారులోనే ఉండనిస్తే, అది పింఛను మాత్రమే. బల్ల మాత్రము చూపి భూమి ఇవ్వకపోతే, అతడు జీవితాంతము ఇతరుల దయమీద బ్రదుకవలసినవాడు. రెండును కావలెను. భూమిని ప్రభుత్వము ఇవ్వగలదు. బల్ల మనము వేయవలెను.

ఇక్కడ ఇద్దరిని మరువరాదు. ఒకడు సీబా. భూమిని సేద్యము చేసి పంట తెచ్చుట అతని పని. అతడే తరువాత తన యజమానునిమీద కొండెములు చెప్పి ఆస్తిని కాజేయజూచెను (2 సమూ. 16:1-4, 19:24-30). బిడ్డ పేరున వచ్చిన డబ్బు బిడ్డకే చేరవలెను. మధ్యవర్తుల విషయములో జాగ్రత్త. రెండవవాడు లోదెబారులోని మాకీరు. దావీదు వెదకక మునుపే, రాజు సహాయమేదియు లేని కాలములో, కుంటివాడైన ఆ రాజవంశపువానికి తన ఇంట చోటిచ్చినవాడు అతడే. తరువాత దావీదు అరణ్యములో ఆకలిగొని ఉన్నప్పుడు పడకలు, గోధుమలు, తేనె తెచ్చినవారిలోను ఆ మాకీరు ఉన్నాడు (2 సమూ. 17:27-29). ఒక బిడ్డకు తలుపు తెరచినవాని చెయ్యి మరియొకసారి కూడ తెరచుకొనును.

ఇప్పుడు సంఘము చేయవలసిన పని. మనము నాలుగైదు తరములుగా పరభాషా ప్రాంతములలో ఉన్నాము. బైబిలు తెలుగులో చదువుదుము. దరఖాస్తులు కన్నడములో, తమిళములో, ఒడియాలో, మరాఠీలో వచ్చును. మన పిల్లలు ఆ భాషలలోనే చదివినవారు. ప్రతి యౌవనుల సమాజము ఇద్దరిని ఈ పనికి ఏర్పరచవలెను, ఫారములు నింపుటకును, కార్యాలయమునకు తోడు పోవుటకును. స్త్రీల సమాజము వారములో ఒక పూట ఆ తల్లికి విశ్రాంతి ఇయ్యవలెను. డీకనులు గుడి మెట్లప్రక్క చక్రాల కుర్చీ ఎక్కుటకు వాలు కట్టించవలెను. ఆదివారపు బడి ఉపాధ్యాయులు ఆ బిడ్డను వెనుక బెంచీలో కాక తోటి బిడ్డల మధ్య కూర్చుండబెట్టవలెను. ఆరాధన మధ్య బిడ్డ కేకవేస్తే తలత్రిప్పి చూడకుండుట కూడ ఒక పరిచర్యయే.

దత్తత అందరికిని పిలుపు కాదు. వయస్సు, ఆరోగ్యము, ఇంటి పరిస్థితి చూచుకొనవలెను. అయితే పిలువబడినవారిని ఒంటరిగా విడిచిపెట్టకుండుట మాత్రము మనలో ప్రతివానికి వచ్చిన పిలుపు.

రోమా 8వ అధ్యాయము 23వ వచనములో పౌలు దత్తతయొక్క ముగింపును మన దేహముల విమోచనముగా చెప్పెను. బిగుసుకొన్న కాళ్లు సడలు దినమొకటి, మాట రాని నోరు స్తుతించు దినమొకటి రానున్నది. ఆ దినమువరకు ఆ బిడ్డలకు ఒక ఇల్లు, ఒక ఇంటిపేరు, అన్నము పెట్టు బల్ల కావలెను. మనలను కుమారులుగా కుమార్తెలుగా చేసుకొన్న తండ్రి మన ఇండ్ల తలుపులను తెరచునుగాక.

ఆయన కృప మీకందరికి తోడైయుండునుగాక. ఆమేన్.